ఇంధన తపస్వి – రుడాల్ఫ్ డీజిల్

విశాఖపట్టణంలో గాజువాక సమీపాన ఆటోనగర్ ఉన్నది. తెల్లవారినది మొదలు అక్కడి షెడ్లలో సుత్తి దెబ్బలు, ఇంజన్ల హోరు వినిపిస్తూనే ఉంటాయి. ఏళ్ల తరబడి తిరిగి అలసిన పాత డీజిల్ కారు ఏదైనా అక్కడికి చేరినపుడు, లీటరుకు మరి రెండు కిలోమీటర్లు ఎక్కువ నడిచే ఉపాయమేదైనా ఉన్నదా అని యజమాని మొదటగా విచారిస్తాడు. మెకానిక్ వెంటనే సమాధానం చెప్పడు. ముందుగా గాలి ఫిల్టరును విప్పి అందులోని దుమ్మును చూస్తాడు. ఇంజెక్టర్లను ఊడదీసి పరీక్షా యంత్రానికి బిగించి, నాజిల్ నుండి డీజిల్ సన్నని పొగమంచు వలె వెలువడుతున్నదో, బొట్లుబొట్లుగా కారుతున్నదో పరిశీలిస్తాడు. సిలిండర్లలో కంప్రెషన్ ఎంత మిగిలి ఉన్నదో కొలుస్తాడు. ఇంధనం ఎక్కడ వృథా అవుతున్నదో తెలిసిన తరువాతనే దానిని ఎట్లా ఆదా చేయాలో ఆలోచిస్తాడు.

ఇంధనంలోని వేడి ఎక్కడికి పోతున్నది? ఆ వృథాను ఎట్లా అరికట్టాలి? ఈ ప్రశ్నలనే సుమారు నూటనలభై ఐదు సంవత్సరాల క్రితం ఒక విద్యార్థి తనను తాను వేసుకున్నాడు. వాటికి సమాధానం వెదకడానికి తన యౌవనాన్ని, ఆరోగ్యాన్ని ధారపోశాడు. అతడు నిర్మించిన యంత్రానికీ, ఆ యంత్రం తాగే చమురుకూ లోకం అతని పేరే పెట్టుకున్నది. నేడు బంకు వద్ద ఆ పేరును ఉచ్చరించేవారిలో అది ఒక మనిషి పేరని ఎరిగినవారు తక్కువ. ఆ మనిషి రుడాల్ఫ్ డీజిల్.

రుడాల్ఫ్ 1858 మార్చి 18వ తేదీన ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీ నుండి వలస వచ్చినవారు. తండ్రి థియోడర్ పుస్తకాలకు అట్టలు కట్టే పనివాడు. తోలు వస్తువులు కూడా తయారు చేసేవాడు. సంపాదన అంతంతమాత్రం. తండ్రి తయారు చేసిన వస్తువులను తోపుడు బండిలో పెట్టుకొని కొనుగోలుదారుల ఇండ్లకు చేరవేయడం బాలుడైన రుడాల్ఫ్ పని. తీరిక దొరికినపుడు అతడు నగరంలోని యంత్ర ప్రదర్శనశాలకు వెళ్లి అక్కడి పాత యంత్రాలను చూస్తూ, వాటి బొమ్మలు గీసుకుంటూ గడిపేవాడు.

1870లో ఫ్రాన్సుకూ జర్మన్ రాజ్యాలకూ మధ్య యుద్ధం చెలరేగింది. పారిస్‌లోని జర్మన్ కుటుంబాలకు నిలువ నీడ లేకపోయింది. డీజిల్ కుటుంబం కట్టుబట్టలతో లండన్ చేరింది. అక్కడా పూట గడవడం కష్టమైంది. పన్నెండేండ్ల రుడాల్ఫ్‌ను తల్లిదండ్రులు జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ పట్టణానికి, బంధువుల ఇంటికి పంపివేశారు. ఆ ఇంటి యజమాని క్రిస్టోఫ్ బార్నికెల్ గణితోపాధ్యాయుడు. ఇల్లు వదిలిన దుఃఖాన్ని రుడాల్ఫ్ చదువులో మరచాడు. పద్నాలుగవ ఏటనే తాను ఇంజనీరు కాదలచినట్లు తల్లిదండ్రులకు లేఖ వ్రాశాడు. కొడుకు త్వరగా సంపాదనలో పడితే బాగుండునని వారి ఆశ. కాని రుడాల్ఫ్ తరగతిలో ప్రథముడుగా నిలిచి, విద్యార్థి వేతనం సంపాదించి, వారి అభీష్టానికి భిన్నంగా 1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో చేరాడు.

ఆగ్స్‌బర్గ్ పాఠశాలలో అతనిని ఆకట్టుకున్న చిన్న పరికరం ఒకటి ఉండేది. అది ఒక గాజు గొట్టం. అందులో చిన్న దూది పింజ ఉంచి, పిస్టన్‌ను బలంగా లోపలికి నొక్కితే అగ్గిపుల్ల లేకుండానే ఆ దూది అంటుకొనేది. సైకిలు ట్యూబులో గాలి నింపేటపుడు పంపు అడుగుభాగం వేడెక్కడం మనకు అనుభవమే. గాలిని ఒత్తిడితో చిన్న చోటులోనికి కుదించినపుడు దాని ఉష్ణోగ్రత పెరుగుతుంది. కుదింపు చాలినంతగా ఉంటే ఆ వేడి నిప్పును పుట్టిస్తుంది. పిల్లలు వినోదంగా చూచే ఆ సత్యం రుడాల్ఫ్ మనస్సులో బీజంగా నిలిచిపోయింది.

మ్యూనిక్‌లో అతనికి గురువు కార్ల్ లిండే. శీతలీకరణ యంత్రాల నిర్మాణంలో ఆయన అగ్రగణ్యుడు. 1878లో ఒకనాడు ఆయన తరగతిలో ఉష్ణ యంత్రాలను గురించి బోధిస్తూ, ఆవిరి యంత్రంలో మండించే బొగ్గు ఇచ్చే వేడిలో నూటికి ఆరు నుండి పది పాళ్లు మాత్రమే పనిగా మారుతున్నవని వివరించాడు. మిగిలిన తొంబది పాళ్లు పొగగా, ఆవిరిగా గాలిలో కలిసిపోతున్నవి. ప్రపంచంలోని కర్మాగారాలు, రైళ్లు, ఓడలు ఆనాడు చాలవరకు ఆ యంత్రం మీదనే ఆధారపడి ఉండేవి. తరగతిలో మిగిలినవారు దానిని పరీక్షకు పనికివచ్చే అంకెగా వ్రాసుకున్నారు. రుడాల్ఫ్‌కు మాత్రం అది ఒక అన్యాయంగా తోచింది. ఫ్రెంచి శాస్త్రవేత్త సాదీ కార్నో 1824లోనే ఉష్ణ యంత్రం అందుకోగల గరిష్ఠ దక్షతను సిద్ధాంతరీత్యా చూపి ఉన్నాడు. ఆ ఆదర్శానికి వీలైనంత దగ్గరగా పోగల యంత్రాన్ని నిర్మించాలని రుడాల్ఫ్ నోటు పుస్తకం అంచున వ్రాసుకున్నాడు. అప్పటికి అతని వయస్సు ఇరవై సంవత్సరాలు.

టైఫాయిడ్ జ్వరం వలన పరీక్ష ఆలస్యమైనా, 1880లో అతడు అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. గురువైన లిండే అతనిని పారిస్‌లోని తన మంచు కర్మాగారంలో నియమించాడు. పగలు మంచు యంత్రాల పని, రాత్రి తన కలల యంత్రం పని. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. ముగ్గురు బిడ్డలు కలిగారు. ఆవిరికి బదులుగా అమ్మోనియా వాయువుతో నడిచే యంత్రం కొరకు కొన్ని సంవత్సరాలు శ్రమించాడు గాని, అది ఫలించలేదు. ఆ వైఫల్యం నుండే అతడు సూటియైన మార్గాన్ని గ్రహించాడు. నీటిని మరిగించడమెందుకు? ఇంధనాన్ని సిలిండరు లోపలనే మండించరాదా? గాలినే నిప్పుగా మార్చరాదా?

అప్పటికే సిలిండరు లోపల ఇంధనం మండే యంత్రాలు ఉన్నవి. వాటిలో గాలిని, ఇంధనాన్ని ముందే కలిపి లోపలికి పంపి, నిప్పు రవ్వతో అంటించేవారు. అట్టి మిశ్రమాన్ని ఎక్కువగా కుదిస్తే అది సమయానికి ముందే పేలిపోయేది. అందువలన కుదింపుకు ఒక హద్దు ఉండేది. రుడాల్ఫ్ ఆలోచన వేరు. సిలిండరులోనికి ముందుగా గాలిని మాత్రమే తీసుకొనవలెను. దానిని అసలు పరిమాణంలో పదిహేనవ వంతుకో, అంతకన్న తక్కువకో కుదిస్తే దాని ఉష్ణోగ్రత 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా ఆ క్షణంలో కొలతగా ఇంధనాన్ని చిమ్మితే అది తనంతట తానే మండుతుంది. వాయువులు ఎంత ఎక్కువగా కుదింపబడి, మండిన తరువాత ఎంత ఎక్కువగా వ్యాకోచిస్తే, వేడిలో అంత ఎక్కువ భాగం పనిగా మారుతుంది. డీజిల్ ఇంజన్ పొదుపునకు మూల రహస్యం ఇదే.

మరొక మేలు కూడా ఇందులో ఇమిడి ఉన్నది. పెట్రోల్ ఇంజన్‌లో సాధారణంగా వేగం తగ్గించదలచినపుడు లోపలికి పోయే గాలికి అడ్డు పెడతారు. ఆ అడ్డు గుండా గాలిని పీల్చుకొనుటకే ఇంజన్ కొంత శక్తిని వ్యయం చేస్తుంది. డీజిల్ ఇంజన్ ఎప్పుడూ నిండుగా గాలి పీలుస్తుంది. అవసరాన్ని బట్టి ఇంధనాన్ని మాత్రమే తగ్గించుకుంటుంది. ఆగుతూ సాగుతూ పోయే వాహనానికి ఇది పెద్ద ఆదా.

1892 ఫిబ్రవరిలో రుడాల్ఫ్ పేటెంటు కొరకు దరఖాస్తు చేశాడు. మరుసటి సంవత్సరం అది మంజూరైంది. తన సిద్ధాంతాన్ని ఒక పుస్తకంగా ప్రచురించి పండితులకు, కర్మాగారాధిపతులకు పంపాడు. వేడిలో నూటికి డెబ్బైకి పైగా పాళ్లను పనిగా మార్చవచ్చునని అతని తొలి లెక్క. అందుకు 250 వాతావరణ పీడనాల ఒత్తిడి అవసరమని భావించాడు. ఆ ఒత్తిడికి తట్టుకొనే సిలిండరును ఆనాడు ఏ కర్మాగారమూ నిర్మించలేదు. చాలమంది ఆ పుస్తకాన్ని ఊహాగానమని తోసిపుచ్చారు. రుడాల్ఫ్ మొండిపట్టు పట్టక, లెక్కలను సవరించి, ఒత్తిడిని సాధ్యమైనంత మేరకు తగ్గించాడు. చివరకు ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం అధిపతి హైన్రిఖ్ బుట్స్ అతనిని నమ్మాడు. ఉక్కు తయారీలో ప్రసిద్ధమైన క్రుప్ సంస్థ కూడా చేయి కలిపింది. అంతటి ఒత్తిడికి లొంగని లోహం లేనిదే ఈ యంత్రం కాగితం మీది బొమ్మగానే మిగిలేది. ఉక్కు నగరంగా పేరొందిన విశాఖ వాసులకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

1893 ఆగస్టు 10వ తేదీన తొలి యంత్రాన్ని పరీక్షించారు. బయటి యంత్రపు బెల్టుతో దానిని త్రిప్పి, సిలిండరులోనికి ఇంధనాన్ని చిమ్మగానే పెద్ద పేలుడు సంభవించింది. ఒత్తిడిని కొలిచే పరికరం ముక్కలై ఎగిరిపోయింది. ప్రాణాపాయం తప్పింది. యంత్రం నడవలేదు, కాని కుదింపు వేడికే ఇంధనం అంటుకొంటుందని మాత్రం రుజువైంది. రుడాల్ఫ్ దానిని ఓటమిగా భావింపలేదు. యంత్రాన్ని మార్చి మరల నిర్మించాడు. 1894 ఫిబ్రవరి 17న పరీక్ష జరుగుతుండగా, యంత్రాన్ని త్రిప్పుతున్న బెల్టు ఒక్కసారిగా వదులైంది. అంటే యంత్రమే ఇప్పుడు బెల్టును త్రిప్పుతున్నదన్న మాట. దానిని ముందుగా గమనించిన కార్మికుడు మాటాడక తల మీది టోపీ తీసి నమస్కరించాడు. యంత్రం తన బలంతో తిరిగినది ఒక్క నిమిషం మాత్రమే.

ఆ ఒక్క నిమిషాన్ని నిలకడగా మార్చడానికి మరి మూడు సంవత్సరాలు పట్టింది. ఇంధనాన్ని చిమ్మే నాజిల్ అతనిని అన్నింటికన్న ఎక్కువగా బాధించింది. చమురు బొట్టుగా పడితే పైపై భాగమే మండి, మిగిలినది మసిగా మారుతుంది. దానిని ధూళి వలె చీల్చితేనే ప్రతి అణువుకూ గాలి అందుతుంది. అనేక ప్రయత్నాల అనంతరం, ఎక్కువ ఒత్తిడి గల గాలితో ఇంధనాన్ని ఊది లోపలికి చిమ్మే పద్ధతి కుదిరింది. 1897 ఫిబ్రవరి 17న మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్స్ ష్రోటర్ ఆ యంత్రాన్ని అధికారికంగా పరీక్షించాడు. అది సుమారు 18 అశ్వశక్తుల యంత్రం. నిమిషానికి 154 చుట్లు తిరిగింది. దాని దక్షత 26.2 శాతమని తేలింది. ఆవిరి యంత్రంతో పోల్చితే అదే ఇంధనం నుండి రెండు మూడు రెట్లు ఎక్కువ పని లభించిందన్న మాట. తొలుత ఊహించిన డెబ్బై పాళ్లు రాలేదు. అయినా లోకంలో అంతటి పొదుపరి యంత్రం అంతకు ముందు లేదు.

కీర్తి, ధనం ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. అమెరికా వ్యాపారి అడాల్ఫస్ బుష్ ఆ దేశంలో తయారీ హక్కును పది లక్షల మార్కులకు కొన్నాడు. కాని పరీక్షాశాలలో చక్కగా నడిచిన యంత్రం కొనుగోలుదారుల కర్మాగారాలలో మొరాయించసాగింది. నాజిళ్లు మూసుకుపోయేవి, విడిభాగాలు విరిగేవి. కొన్న యంత్రాలను త్రిప్పి పంపినవారున్నారు. నిర్మించిన యంత్రం తొలి పేటెంటులో వ్రాసినట్లు పనిచేయడం లేదు గనుక అది అతని సృష్టియే కాదని వాదించినవారున్నారు. పగలనక రాత్రనక శ్రమించిన దేహం ఆ నిందలను తట్టుకొనలేకపోయింది. 1898లో ఆయన తీవ్రమైన తలనొప్పితో, మానసిక అలసటతో మంచం పట్టి, నెలల తరబడి ఆరోగ్య కేంద్రంలో గడిపాడు. యంత్రంలోని లోపాలను మాత్రం ఆగ్స్‌బర్గ్ ఇంజనీర్లు ఓర్పుతో ఒక్కొక్కటిగా సరిదిద్దారు.

1900లో పారిస్ అంతర్జాతీయ ప్రదర్శనలో డీజిల్ యంత్రానికి అగ్ర బహుమానం లభించింది. అక్కడనే మరొక వింత జరిగింది. ఒక చిన్న డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపించారు. అది మామూలుగానే నడుస్తుంటే, నూనె మారిన సంగతి చూపరులలో పెక్కుమందికి తెలియనే లేదు. భూగర్భ చమురు లేని దేశాల రైతులు తమ పొలంలో పండిన గింజలతోనే యంత్రాలు నడుపుకొనే రోజు రాగలదని డీజిల్ తరువాతి కాలంలో తన ఉపన్యాసాలలో పేర్కొన్నాడు. నేటి జీవ ఇంధనాల చరిత్ర ఆ చిన్న ప్రదర్శనతోనే మొదలవుతుంది. కానుగ గింజల నుండి ఇంధనం తీసే ప్రయత్నాలు తెలుగునాట జరగడానికి వెనుక ఉన్న ఆలోచన అదే. అయితే వంటనూనెను తిన్నగా నేటి కారులో పోయరాదు. అది చిక్కగా ఉండి నాజిల్‌ను పూడ్చివేస్తుంది. రసాయనిక చర్యతో పలుచన చేసిన తరువాతనే అది ఇంధనంగా పనికివస్తుంది.

చిన్న వర్తకునికి, చేతివృత్తులవానికి అందుబాటులో ఉండే పొదుపైన యంత్రం కావాలన్నది డీజిల్ యౌవన స్వప్నం. పెద్ద కర్మాగారాల పోటీకి తట్టుకొనలేని తన తండ్రి వంటివారు ఆయన కళ్లముందు ఉండేవారు. శ్రామికులు పరస్పర సహకారంతో సంస్థలను నిర్వహించుకోవాలని ప్రబోధిస్తూ 1903లో ఒక గ్రంథం ప్రకటించాడు. పదివేల ప్రతులు అచ్చువేస్తే కొన్ని వందలు మాత్రమే అమ్ముడుపోయాయి. తన యంత్రం చిన్నవాని ముంగిటికి కాక పెద్ద కర్మాగారాలకు, ఓడలకు ముందుగా చేరడం ఆయన చూశాడు. 1912లో డెన్మార్క్‌లో నిర్మించిన సెలాండియా అనే నౌక డీజిల్ ఇంజన్లతో కోపెన్‌హేగన్ నుండి సుదూరంలోని బ్యాంకాక్‌కు ప్రయాణించింది. బొగ్గు కుప్పలు, పొగ గొట్టాలు లేని ఆ ఓడను చూచి సముద్ర వర్తకులు విస్తుపోయారు.

యంత్రంలో ఒక్క చుక్క వృథా పోనీయని ఆ మనిషి స్వంత వ్యవహారాలలో ఆ నేర్పు చూపలేకపోయాడు. మ్యూనిక్‌లో విపరీతమైన వ్యయంతో భవనం కట్టించాడు. స్థలాల వ్యాపారంలోను, చమురు బావులలోను పెట్టిన ధనం మునిగిపోయింది. పేటెంటుల గడువు తీరడంతో రాబడి సన్నగిల్లింది. అప్పులు పెరిగాయి. ప్రపంచమంతటా గౌరవ సత్కారాలు జరుగుతున్న కాలంలోనే ఇంటి పునాది కదిలిపోతున్నది. ఈ సంగతిని ఆయన ఆత్మీయులకు కూడా తెలియనీయలేదు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలం ఆయన బెల్జియం రేవు ఆంట్వెర్ప్ నుండి ఇంగ్లండు వెళ్లే డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. అక్కడ కొత్త డీజిల్ కర్మాగారానికి సంబంధించిన కార్యక్రమంలో పాల్గొనవలసి ఉన్నది. మిత్రులతో కలిసి భోజనం చేసి, ఉదయం ఆరుంబావుకు లేపవలసినదిగా చెప్పి, రాత్రి పది గంటల వేళ గదికి వెళ్లాడు. తెల్లవారి చూస్తే గది ఖాళీగా ఉన్నది. పక్క నలగలేదు. టోపీ, పైకోటు ఓడ వెనుక భాగాన కటకటాల చెంత కనిపించాయి. పది రోజుల అనంతరం ఒక డచ్చి పడవవారికి సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులను తీసుకొని, శవాన్ని తిరిగి సముద్రానికే అప్పగించారు. ఆ వస్తువులు తన తండ్రివేనని కుమారుడు యూజెన్ గుర్తించాడు. అది ఆత్మహత్యయా, ప్రమాదమా, మరెవరి చేతనైనా జరిగినదా అన్నది నేటికీ నిర్ధారణ కాలేదు. అప్పుల భారం వలన ప్రాణం తీసుకొని ఉండవచ్చునని పెక్కుమంది చరిత్రకారుల అభిప్రాయం. మరణించే నాటికి ఆయన వయస్సు యాభై ఐదు సంవత్సరాలు.

డీజిల్ ఇంజన్ కారులోనికి రావడాన్ని ఆయన చూడలేదు. గాలితో ఇంధనాన్ని ఊదే పరికరం బరువైనది. చిన్న వాహనానికి అది పొసగదు. 1909లో ప్రాస్పర్ లోరాంజ్ అనే ఇంజనీరు సిలిండరుకు అనుబంధంగా చిన్న దహన గదిని రూపొందించాడు. 1927లో రాబర్ట్ బోష్ సంస్థ చిన్నదైన ఇంజెక్షన్ పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం ప్రారంభించింది. ఈ రెండు మార్పుల ఫలితంగా 1936లో మెర్సిడెస్ బెంజ్ సంస్థ 260 డి అనే డీజిల్ కారును విపణిలోనికి తెచ్చింది. నూరు కిలోమీటర్లకు అది సుమారు తొమ్మిదిన్నర లీటర్ల డీజిల్ తాగేది. అదే తరహా పెట్రోల్ కారుకు పదమూడు లీటర్లు కావలసి వచ్చేది. మన దేశంలో 1980 ప్రాంతంలో అంబాసిడర్ కారు డీజిల్ ఇంజన్‌తో వచ్చింది. పాత అంబాసిడర్లలోని పెట్రోల్ ఇంజన్‌ను తీసివేసి డీజిల్ ఇంజన్ అమర్చుకోవడం ఒకప్పుడు టాక్సీవాలాలలో సాధారణమైన విషయం. వారికి అది వేడుక కాదు, బ్రతుకుతెరువు. దినమంతా తిరిగి ఇంటికి మిగుల్చుకొనేది చమురు ఖర్చు పోగా వచ్చినదే గదా!

పాత డీజిల్ కారు మైలేజీ పెంచాలనుకొనేవారికి డీజిల్ జీవితం మంచి పాఠం చెప్పుతుంది. ఏదో మందు కలిపితేనో, ఏదో పరికరం తగిలిస్తేనో మైలేజీ రెట్టింపు కాదు. ఆయన వలె నష్టం ఎక్కడ జరుగుతున్నదో వెదకవలెను. పిస్టన్ రింగులు అరిగితే కుదింపు తగ్గుతుంది. కుదింపు తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే ఇంధనం సగం మండి నల్లని పొగగా పోతుంది. ఆ పొగ ఊరి గాలిని చెరచడమే గాక యజమాని జేబుకు చిల్లు పెడుతుంది. ఇంజెక్టర్ నాజిల్‌ను సరిచేయడం, పంపు టైమింగును ఉత్పత్తిదారు సూచించిన కొలతకు తేవడం, గాలి ఫిల్టరును శుభ్రపరచడం, టైర్లలో సరియైన గాలి ఉంచడం, అక్కరలేని బరువును, పైకప్పు మీది కారియర్‌ను తీసివేయడం – ఇవన్నీ చిన్న పనులే గాని వాటి ఫలితం చిన్నది కాదు. వేగం పెరిగినకొద్దీ గాలి నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది గనుక నిదానమైన ప్రయాణమే పెద్ద పొదుపు.

అంతకు మించిన మార్పు చేయదలచినవారు మరింత ఆలోచించవలెను. వెనుకటి కార్లలో ఇంధనం చిన్న దహన గదిలో మండి ఆ గది గోడల గుండా కొంత వేడి నష్టమయ్యేది. సిలిండరులోనికి తిన్నగా ఇంధనాన్ని చిమ్మే తరువాతి ఇంజన్లు ఆ నష్టాన్ని తగ్గించి, నూటికి పది పదిహేను పాళ్ల ఇంధనాన్ని ఆదా చేశాయి. అట్టి ఇంజన్‌ను పాత కారులో అమర్చడం సాధ్యమే. కాని అందుకు తగిన గేర్లు, బ్రేకులు, బిగింపులు ఉండాలి. రవాణా శాఖ అనుమతి లేనిదే ఇంజన్‌ను మార్చడం చట్టసమ్మతం కాదు. అయ్యే వ్యయం ఆదా అయ్యే ఇంధనంతో ఎన్ని ఏండ్లకు తీరుతుందో ముందుగా లెక్క వేసుకొనవలెను. యంత్రానికి సరిగా లెక్క వేసి, స్వంత ధనానికి లెక్క తప్పిన డీజిల్ జీవితం ఇక్కడ కూడా హెచ్చరికయే.

విశాఖలో ఆయన పేరు వినిపించని చోటు లేదు. 1933లో ఆరంభమైన ఓడరేవుకు నేడు వచ్చిపోయే పెద్ద నౌకలలో అత్యధికం డీజిల్ ఇంజన్లతో నడిచేవే. అట్టి ఇంజన్లలో మేలైనవి ఇంధనపు వేడిలో సగానికి సగం పనిగా మార్చగలవు. 1957లో ఇక్కడ వెలసిన చమురు శుద్ధి కర్మాగారం డీజిల్‌ను ఉత్పత్తి చేస్తున్నది. చేపల రేవులోని మరపడవల వారికి వేట గిట్టుబాటు కావడం, కాకపోవడం డీజిల్ ఖర్చు మీదనే ఆధారపడి ఉన్నది. రామకృష్ణా బీచిలో 2002 నుండి ప్రదర్శనశాలగా నిలిచిన కురుసుర జలాంతర్గామిని చూచిన విద్యార్థులు ఎందరో ఉంటారు. ఆ ఇరుకైన దారిలో నడుస్తూ పోతే వెనుక భాగాన భారీ డీజిల్ ఇంజన్లు కనబడతాయి. సముద్రంపై నడిచేటపుడు అవి బ్యాటరీలను నింపేవి. నీటి అడుగున ఆ బ్యాటరీల బలంతోనే జలాంతర్గామి సాగేది. ముప్పై ఒక్క సంవత్సరాలు దేశ సేవ చేసి 2001లో విరమించిన ఆ నావ వెంటనే ఆ ఇంజన్లూ ఇప్పుడు నిశ్శబ్దంగా ఉన్నవి.

రుడాల్ఫ్ డీజిల్ కోరిన డెబ్బై పాళ్ల దక్షతను ఏ ఇంజనూ ఇంతవరకు అందుకోలేదు. తరగతి గదిలో గురువు చెప్పిన ఒక్క అంకె ఆయనను జీవితాంతం నిలువనీయలేదు. వృథా అవుతున్న తొంబది పాళ్ల వేడిని లోకమంతా సహజమని సరిపెట్టుకుంటే, ఆయన సరిపెట్టుకొనలేదు. నేడు ఆటోనగర్ షెడ్డులో ఒక మెకానిక్ పాత కారు ఇంజెక్టరును వెలుతురుకు ఎత్తి పట్టుకొని, దాని సన్నని రంధ్రాలలోని మసిని ఓపికగా తుడుస్తున్నపుడు ఆయన మొదలుపెట్టిన పనినే కొనసాగిస్తున్నాడు.